బి పలక పట్టిన పిల్ల

ఇంగ్లీషువాడి పెత్తనం సంగతి అలా ఉంచి, వాడి స్పెల్లింగులు తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. పలకని అక్షరాన్ని మాట చివర ఎందుకు కూర్చోబెట్టినట్టు? యుద్ధం రోజుల్లో వెల్దుర్తి దగ్గర మా మిషన్ బడిలో దేవమ్మ టీచరు ఆ పితలాటకాన్ని ఆటగా మార్చింది. గొర్రెపిల్లకు ఇంగ్లీషులో ల్యామ్ అనాలి, రాసేటప్పుడు మాత్రం చివర బి ఉండాలి. తలా ఒక అక్షరం రాసిన పలక పట్టుకుని వరసగా నిలబడేవాళ్లం. ఆవిడ బెత్తం ఎవరి పలక తాకితే వాళ్లు పలకాలి. నాది ఎం. చివర బి పలక పట్టుకున్నవాళ్లు నోరు మూసుకోవాలి.

ఆ బి ఎప్పుడూ సైదాబీదే. ఆ పిల్లకు నత్తి. నోరు తెరిస్తే మేం నవ్వేవాళ్లం, అది ఏడ్చేది. అందుకే టీచరు ఏ మాటలోనైనా పలకని అక్షరం ఇచ్చి దాన్ని చివరే నిలబెట్టేది. నవ్వులు ఆగినందుకు ఆవిడ ఎంతో సంతోషించింది.

సైదాబీ తండ్రి ఖలందర్ బండి తోలేవాడు. ఇన్‌స్పెక్టరు బడి తనిఖీకి వచ్చేనాటికి పిల్లకు చదవడం రాకపోతే బడి మాన్పించి పత్తి ఏరడానికి పంపుతానని ముందే చెప్పాడు. ఇన్‌స్పెక్టరు వచ్చాడు, మా వరసను మెచ్చుకుని వెళ్లాడు. ఆవేళ పిల్ల చదువు చూడ్డానికి వచ్చిన ఖలందర్ మాత్రం గుమ్మం దగ్గర్నుంచి కదల్లేదు.

"మా పిల్ల ఏం చదివింది టీచరమ్మా?"

"దాని అక్షరం పలకదు ఖలందర్. తప్పేం చెయ్యలా."

"నోరు మూసుకోని నిలబడటం ఇంటికాడైనా నేర్చుకుంటదిగా. దానికి బడెందుకమ్మా?"

తాను దయ అనుకున్నది ఆ పిల్ల నోరు కట్టేసిందని టీచరుకు అప్పుడే తెలిసింది. సిగ్గుపడింది. సైదాబీ చేతిలో బి తీసుకుని ఎల్ రాసిన మొదటి పలక ఇచ్చింది.

"నువ్వే మొదలుపెట్టాలమ్మా. నువ్వు పలికిందాకా ఎవురూ పలకగూడదు."

సైదాబీ పెదవులు వణికాయి. "ల... ల..." అని ఆగిపోయింది. ఎవడో కిసుక్కుమంటే టీచరు కళ్లెర్రజేసింది. బయట ఎడ్లు అసహనంగా మెడలు విదిలిస్తున్నా ఖలందర్ అటు చూడలేదు. చానాసేపటికి ఆ ఒక్క ధ్వనీ బయటికొచ్చింది. మేం అందుకున్నాం. మాట పూర్తయింది.

ఖలందర్ కండువాతో ముఖం తుడుచుకుని బండెక్కాడు, ఒక్కడే.

"సందేళ బడి వదిలినాక వచ్చి తీసకపోతాలే," అన్నాడు.