బాపు దారి తప్పిన చౌరస్తా

షుగర్ రోగంతోని రెండు కండ్లు పోయినంక గూడ మా బాపు చాన ఏండ్లు ఇబ్రహీంపట్నం చౌరస్తాకు ఒక్కడే పోయేటోడు. చేతికర్ర ఉండేది గని, దాన్ని ఎక్కువ చంకల్నే పెట్టుకునేటోడు. మా గల్లీ మొగన మిఠాయి దుకాణం నూనె వాసన వస్తే ఎడమకు మళ్లాలె. కొలిమి చప్పుడు దగ్గరయితే రోడ్డు దాటాలె. దాటంగనే చేతికి రాతి తొట్టి తగుల్తది. దాని అంచు పట్టుకొని పోతే మా టైలర్ దుకాణం మెట్టు.

ఆ తొట్టి మా తాత కన్న ముందటిది. నూరేండ్ల కిందట తాత కుట్టుమిషన్ నెత్తి మీద పెట్టుకొని ఈ ఊరికి వచ్చిననాడు చౌరస్తా అంటే నాలుగు మట్టిబాటలు, ఎడ్లు నీళ్లు తాగే ఆ తొట్టి, అంతేనంట. చింతపండు, సీతాఫలాల గంపలేసుకొని పట్నం పోయే బండ్లు ఆడ ఆగేవంట. ఎడ్లు నీళ్లు తాగేలోపల బండ్లోళ్లు చినిగిన అంగీలు తాతతోని కుట్టిపిచ్చుకునేటోళ్లంట. నేను పుట్టేనాటికి ఎడ్లు పోయి బస్సులు వచ్చినయ్. తొట్టి ఎండిపోయింది. బస్సు కోసం చూసేటోళ్లు దాని అంచు మీద కూసునేటోళ్లు. బడి నుంచి వచ్చి నేను గూడ ఆడనే కూసొని పాఠాలు చదువుకున్న. తర్వాత షేర్ ఆటోలు, ఫోన్ల దుకాణాలు, ప్లాట్లు అమ్మేటోళ్ల బోర్డులు. ఏమొచ్చినా బాపుకు ఫికర్ లేకుండె. ఆయన చేతికి, ముక్కుకు, చెవికి తెలిసిన చౌరస్తా అట్లనే ఉండె.

రోడ్డు వెడల్పు చేస్తమని గోడల మీద ఎర్రగుర్తులు పెట్టిననాడు దుకాణం నడిపే మా అన్న వచ్చి చెప్పిండు.

"సగం దుకాణం పోతది బాపు."

"సగం ఉంటది గదా," అన్నడు బాపు.

కూలగొట్టే రోజు నేను తుర్కయాంజాల్‌ల అత్తగారింటి నుంచి వచ్చిన. బాపు మంచం ఇంటి గడప కాడికి జరిపిచ్చుకొని చప్పుడు వింటున్నడు. నేను పక్కన నిలబడి చూస్తున్న.

"ఇప్పుడు పడ్డది ఏంది బిడ్డా?"

"మిఠాయి దుకాణం." అది పడంగనే మా గడప కాడి నుంచి చౌరస్తా కనబడ్డది.

"ఇది?"

"కొలిమి రేకులు."

మా దుకాణం ముందటి గోడ పడ్డప్పుడు మాత్రం ఆయన అడగలె. నా చెయ్యి పట్టుకున్నడు. ఇంకింత సేపటికి కూలగొట్టే మిషన్ తొట్టిని పైకి లేపింది. లేపంగనే అది రెండు ముక్కలయింది. మట్టితోపాటే లారీల పోసుకొని పోయిండ్రు. ఆ మాట చెప్పిన గని బాపు నమ్మలె. అంత బరువు రాయిని ఎవరు లేపుతరు అన్నడు.

రోడ్డు పూర్తయినంక ఒకనాడు అన్న ఫోన్ చేసి బాపు ఇంట్ల లేడు, గల్లీలన్ని ఎతుకుతున్న అన్నడు. నేను వచ్చి చౌరస్తాల దిగేసరికి ఎండ ముదిరింది. బాపు రోడ్డు నడుమ, డివైడర్ మీద ఇనుప కడ్డీ పట్టుకొని నిలబడి ఉన్నడు. రెండు దిక్కుల బండ్లు పోతున్నయ్. ట్రాఫిక్ పోలీసాయన పక్కన నిలబడి అడుగుతున్నడు.

"తాతా, ఏ ఊరు నీది?"

"ఈ ఊరే."

"మరి ఎక్కడికి పోవాలె?"

బాపు ఒక చెయ్యి ముందటికి చాపి గాలిల తడుముతున్నడు. దేనికోసమో నాకు తెలుసు. పోయి ఆ చెయ్యి పట్టుకున్న.

"తొట్టి ఏది బిడ్డా?"

"పోయింది బాపు. చెప్పిన గదా."

"అవ్, చెప్పినవ్," అన్నడు. నా వెంట ఇంటికి నడిచిండు.

ఆనాటి నుంచి బాపు గడప దాటలె. మిగిలిన సగం దుకాణంల అన్న కుట్టుమిషన్ పెట్టుకున్నడు. బండి మీద కూసోపెట్టుకొని తీస్కపోత రా బాపు అంటే, "వద్దురా, ఆడ నాకేం తెల్వది," అనేటోడు. తిండి తగ్గిచ్చిండు. వానలు పడకముందే పోయిండు.

చౌరస్తా దుకాణదారు ఎవరు పోయినా పాడెను ఆడ జరసేపు దింపేటోళ్లు. మిగిలినోళ్లు షట్టర్లు సగం గుంజి వచ్చి చేతులు కట్టుకొని నిలబడేటోళ్లు. తాతను దింపింది నాకు యాదికుంది. బాపును వ్యాన్‌ల ఎక్కిచ్చిండ్రు. ఆడోళ్లు శ్మశానానికి రావద్దన్నరు. చౌరస్తా దాకనన్న వస్తనని నేను ఎక్కిన.

"ఈడ జర ఆపు అన్నా," అని డ్రైవర్‌ను అడిగిన.

"జాగ ఏది అక్కా? ఎనక ఎన్ని బండ్లున్నయో చూడు."

హారన్లు మోగుతున్నయ్. మా అన్న బాపు కాళ్ల మీద చెయ్యి పెట్టి తల వంచుకున్నడు. సిగ్నల్ దాటి చాన ముందటికి పోయినంక నన్ను దింపి వ్యాన్ పోయింది. నేను నడుచుకుంట ఎనకకు వచ్చి మా దుకాణం ఎదురుంగ చేతులు కట్టుకొని నిలబడ్డ. మాది తప్ప అన్ని దుకాణాలు తెరిచే ఉన్నయ్. ఫోన్ల దుకాణంల పనిచేసే పిల్ల నన్ను చూసి బయటికి వచ్చింది.

"ఏం కావాలె అక్కా?" అని అడిగింది.

"ఏమొద్దమ్మా," అని చెప్పిన.