బెల్లం కుండలో హెబ్రీ బైబిలు

మా నాన్న అనకాపల్లిలో మిషను బడి పంతులు. ఆదివారాలు చర్చిలో వాక్యం కూడా చెప్పేవాడు. ఏ వాక్యం ఎత్తుకున్నా చివరికి ఒకే చోటికి వచ్చేవాడు. పాత నిబంధన హెబ్రీలో రాశారు, అక్కడక్కడా అరమాయికు. కొత్త నిబంధన గ్రీకు. ప్రవక్తలు స్వహస్తాలతో రాసిన దాంట్లో ఒక్క ముక్కా మిగల్లేదు. పాతది చివికేలోగా ఎవరో ఒకరు కూర్చుని చూసి రాశారు గనుక మనదాకా వచ్చింది. ఆయన ఈ మాటకు వచ్చేసరికి సగం సంఘం కునుకు తీస్తుండేది.

ఊరు వదిలిపోతూ ఒక దొర ఆయనకు హెబ్రీ బైబిలు ఇచ్చాడు. కుడి నుంచి ఎడమకు చదివే పుస్తకం. నాన్న ఏళ్ల తరబడి దానితో కుస్తీ పట్టి, కూడబలుక్కుని చదవడం నేర్చుకున్నాడు. యుద్ధం రోజుల్లో అలాంటిది ఇంకొకటి దొరికే దారి లేదు. ఇంట్లో మా అందరికంటే దానికే మర్యాద ఎక్కువ.

విశాఖపట్నం మీద జపాను బాంబులు పడగానే మా వీధి వీధంతా మూటలు కట్టింది. మేము గొలుగొండలో మేనమామ ఇంటికి బయలుదేరాం. దారిలో ఏ దొంగ పాలవుతుందోనని పుస్తకం వెంట తెచ్చే ధైర్యం నాన్నకు లేదు. మట్టికుండలో పెట్టిన పత్రాలు చాలాకాలం నిలుస్తాయని బైబిల్లో యిర్మీయా ప్రవక్త గ్రంథంలో ఉందట. వంటింట్లోంచి ఒక కుండ లాక్కొచ్చి, పైపంచెతో తుడిచి, పుస్తకం అందులో పెట్టి, మూతికి మట్టి మెత్తి పెరట్లో పాతేశాడు. యిర్మీయా ఊళ్లో బెల్లం వండరు. మా ఇంట్లో ఏ కుండ పట్టుకున్నా బెల్లం కుండే.

వానలు వెనకబట్టాక తిరిగొచ్చి తవ్వాం. కుండకు పట్టిన బెల్లం నీరుగారి, పుస్తకమంతా ఇంకి, ఇటుకలా గట్టిపడింది. అంచులు చీమలు తినేశాయి. నాన్న దాన్ని ఒళ్లో పెట్టుకుని పెరట్లోనే కూలబడి ఏడ్చాడు. ఆయన ఏడవగా చూడడం నాకదే మొదలు. భయమేసింది.

అమ్మ పుస్తకం లాక్కుని వంటింట్లోకి పోయింది. గిన్నెలో నీళ్లు మరిగించి, ఆవిరికుడుముకు కట్టినట్టే మూతికి గుడ్డ కట్టి, ధర్మశాస్త్రాన్ని దానిమీద పెట్టింది. నాన్న పక్కనే చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఎక్కువ ఉడకనియ్యకే."

"ఇది మీ హెబ్రీ కాదు, నా వంట. అవతలికి పొండి."

కొన్ని పుటలు విడివడ్డాయి. చాలా విడలేదు. "పోయిందే, మూలం పోయింది," అని నాన్న మళ్లీ అందుకున్నాడు.

"మూలం ఏటండీ, అచ్చేసిన పుస్తకానికి? పాతది సివికేలోగా ఎవురో సూసి రాసేరని వారం వారం మీరే సెప్తారు గదా. ఇన్నేళ్లు మీకాడుంది. ఒక్క కాగితమైనా రాసేరా?"

నాన్న విడిన పుటలన్నీ ఏరి గాలికి ఆరబెట్టాడు.

మర్నాడు పొద్దున్నే వాటిని ముందేసుకుని రాయడం మొదలుపెట్టాడు. చీమలు తిన్నచోట తెలుగు బైబిలు చూసి పూరించవచ్చు కదా అంటే కోప్పడేవాడు. ఉన్నది ఉన్నట్టు రాయాలి, లేనిచోట ఖాళీ వదలాలి. పోయేదాకా రాశాడు, పూర్తి కాలేదు.

అచ్చు పుస్తకం ఎప్పుడో పొడైపోయింది. ఇప్పుడు నాన్న రాసిన కాగితాలు కూడా ముట్టుకుంటే విరుగుతున్నాయి. నాకు హెబ్రీ ఒక్క అక్షరం రాదు. కుడివైపు నుంచి మొదలుపెట్టి, ముగ్గు వేసినట్టు చూసి చూసి గీస్తున్నాను. సరిగ్గా వస్తున్నాయో లేదో చెప్పే మనిషి లేడు. ఖాళీలు మాత్రం నాన్న వదిలినచోటే వదులుతున్నాను.