ఆమోసు క్రిస్మస్ జాడీ

ఏ వస్తువునైనా వేలి కణుపుతో కొట్టి, అది పలికే శబ్దం విన్నాకే ఆమోసు నమ్మేవాడు. సంతలో కుండ కొన్నా అంతే, గుమ్మడికాయ కొన్నా అంతే. గోదావరిఖనిలో కంపెనీ క్వార్టర్ దొరికిన రోజు పెళ్ళాం రాహేలు పొయ్యి మీద పాలు పెడుతుంటే, ఈయనగారు స్టూలెక్కి నాలుగు మూలలా స్లాబు కొట్టి చూసి, "ఉండొచ్చు" అని దిగాడు. ఇరుగుపొరుగు నవ్వుకున్నారు. నవ్వితే నవ్వనీ అనుకున్నాడు.

అసలు అతని ఉద్యోగమే అనుమానపడడం. భూమి అడుగున బొగ్గు తీసిన చోట పైకప్పు బండ ఎప్పుడు ఊడిపడుతుందో ఎవరికీ తెలియదు. కూలీలు లోపలికి అడుగు పెట్టేముందు ఆమోసు వెళ్ళి ఇనుప కడ్డీతో ఆ బండను కొట్టేవాడు. ఖంగుమంటే గట్టిది. బొదబొదమంటే లోపల వీడింది, కింద దుంగ నిలబెట్టాల్సిందే. బెల్లంపల్లిలో పదకొండేళ్ళు, గోదావరిఖనిలో ఏడేళ్ళు అదే పని. అతను బాగుందన్న కప్పు కింద ఒక్క మనిషికీ చిన్న గీత పడలేదు.

దుంగ నిలబెట్టాలంటే ఒకరు పట్టుకోవాలి, ఇంకొకరు పైన చెక్కముక్క దూర్చి సుత్తితో బిగించాలి. ఆ పట్టుకునే మనిషి సదయ్య. రామగుండం పక్క పల్లెలో రైతు, బొగ్గుబాయి తెరిచినప్పుడు పనిలో చేరాడు. ఏడేళ్ళుగా ఇద్దరిదీ ఒకే షిఫ్టు. ఆమోసు బండ కొట్టి "బాగున్నది" అనగానే సదయ్య గోనెపట్టా పరిచి, ఆ బండ కిందే కూర్చుని సద్దిమూట విప్పేవాడు.

ఇక జాడీ సంగతి. ఆమోసు తండ్రి బెల్లంపల్లిలో ఇంగ్లీషు దొర బంగళాలో వంటవాడు. క్రిస్మస్ వస్తే దొరకు మసాలా వేసి పులియబెట్టిన బార్లీ బీరు కావాలి. దుకాణంలో దొరికే పొట్టు తీసిన బార్లీ ఎన్ని రోజులు తడిపినా మొలకెత్తలేదట. తండ్రి జొన్నలతో చేసి ఇచ్చాడు. దొర లొట్టలు వేసుకుంటూ తాగి, ఆ తర్వాత బార్లీ మాటే ఎత్తలేదు. ఆ విద్య ఆమోసుకు వచ్చింది. జొన్నలు నానబెట్టి, గోనెలో మొలకెత్తించి, ఎండబెట్టి దంచి, సన్నని సెగ మీద ఉడికించి వడకట్టాలి. బెల్లం, లవంగాలు, దాల్చిన చెక్క, సొంఠి, ఎండిన సంత్ర పండు తొక్క వేసి మరిగించాలి. చల్లారాక జాడీలో పోసి, పులియడానికి చారెడు ఈతకల్లు మడ్డి కలిపితే మూడు వారాల్లో పండుగకు తయారు. కల్లు మడ్డి తన పల్లె నుంచి సదయ్యే తెచ్చేవాడు. మడ్డి తెచ్చినవాడికే మొదటి గ్లాసు దక్కాలన్నది తండ్రి పెట్టిన పద్ధతి. ఆమోసు ఏడేళ్ళూ తప్పలేదు.

1969లో వానాకాలం పోతుండగా అద్దె గుడిసె నుంచి క్వార్టర్‌కు మారారు. సామాన్లన్నీ సదయ్య బండి మీదే వచ్చాయి, జాడీతో సహా. గుడిసెలో జాడీ పొయ్యి పక్కన మట్టినేల మీద ఉండేది. క్వార్టర్‌లో సిమెంటు నేల, చలికాలంలో కాలు పెడితే జివ్వుమంటుంది. చలికి పులియడం ఆగిపోతుందని ఆమోసు ఒక ఇనుప డ్రమ్మును సగానికి కోయించి, నిండా ఊక పోసి, మెడదాకా జాడీని అందులో పాతిపెట్టాడు. డిసెంబరు మొదటి వారంలో సరుకు పోసి మడ్డి కలిపాడు.

రోజూ వేపపుల్ల ముంచి కొలిచేవాడు. మొదట రెండు వేళ్ళు తగ్గింది. నురుగు అణిగిందిలే అనుకున్నాడు. తర్వాత నాలుగు వేళ్ళు తగ్గింది. పదో రోజుకు జానెడు పోయింది.

మొదట రాహేలును అడిగాడు. ఆమె చేతిలో చీపురు అలాగే పట్టుకుని, "నేను తాగితే నీకు చెప్పే తాగుత. నాకేం భయమా?" అంది. పోనీ, ప్రార్థన పెట్టడానికి వచ్చిన పాస్టరయ్య వంటింటి వైపు రెండుసార్లు ఎందుకు చూశాడు? మంచినీళ్ళు అడిగినవాడు అంతసేపు తాగాడేమిటి? రెండు రోజులు అయ్యగారిని అనుమానించి, అది పాపమని తోచి మానుకున్నాడు. మిగిలింది సదయ్య. జాడీ ఎక్కడుందో తెలిసిన బయటి మనిషి అతనొక్కడే. పైగా మొన్న ఆదివారం వీళ్ళు చర్చిలో ఉన్నప్పుడు గొడ్డలి తిరిగివ్వడానికి ఇంటికి వచ్చి వెళ్ళాడు.

ఆ మర్నాడు గని దీపాలు ఇచ్చే ల్యాంపుల గది దగ్గర సదయ్య పక్కన నిలబడి ఏదో చెబుతుంటే అతని నోటి నుంచి లవంగం వాసన గుప్పున కొట్టింది. జాడీలో వేసిన లవంగమే అనుకున్నాడు ఆమోసు.

అయినా తొందరపడలేదు. జాడీ మూతి గుడ్డకు దారం చుట్టి, తనదైన ముడి వేశాడు. మూడు రోజులూ ముడి చెక్కుచెదరలేదు. సరుకు మాత్రం తగ్గుతూనే ఉంది. ఇంకొకరైతే అక్కడ ఆగి ఆలోచించేవారు. ఆమోసు ఆలోచన ఇలా సాగింది: ఆ ముడి సదయ్యకు నేర్పింది ఎవరు? నేనే కదా! అంటే విప్పి మళ్ళీ అలాగే వేస్తున్నాడు. ఎంత తెలివి!

ఆ రోజే, లోపల దుంగ నిలబెడుతుండగా, పదిమంది కూలీలు వింటుండగా అనేశాడు.

"మడ్డి తెచ్చినోనికి ఒక గ్లాసు ఇస్తనే ఉంటి గద, సదయ్యా. జాడీ అంత నీదే అనుకున్నవా?"

సదయ్య దుంగ వదల్లేదు. వదిలితే ఆమోసు మీదే పడుతుంది. చెక్క బిగిసేదాకా రెండు చేతులతో గట్టిగా పట్టుకుని, ఆ తర్వాత చేతులు దులుపుకున్నాడు.

"ఏడేండ్ల సంది నువ్వు బాగున్నదన్న బండ కింద కూసుండి సద్ది తింటున్న, అన్నా. నీ ఎన్క నేను ఒక్కనాడన్న కొట్టి చూసిన్నా?"

పైకి వెళ్ళగానే షిఫ్టులు చూసే ఓవర్‌మన్‌ను అడిగి సదయ్య వేరే షిఫ్టుకు మారిపోయాడు. దొంగకు ముఖం చెల్లలేదని ఆమోసు అందరితో చెప్పాడు. చెప్పినంత సేపూ లోపల ఏదో గుచ్చుకుంటూనే ఉంది.

క్రిస్మస్ ముందురోజు ఉదయం సరుకు వడకట్టాలని ఊక పక్కకు తోసి జాడీ నడుము పట్టుకున్నాడు. అలవాటు కొద్దీ వేలి కణుపుతో కొట్టాడు. బొదబొదమంది.

మళ్ళీ కొట్టాడు. అదే శబ్దం. పద్దెనిమిదేళ్ళుగా చీకట్లో వింటున్న శబ్దమే. జాడీని పైకెత్తితే అడుగున వెంట్రుకంత సన్నని పగులు ఉంది. డ్రమ్ము అడుగున ఊకంతా తడిసి ముద్దయి, లవంగాల వాసన కొడుతోంది. బండి మీద ఏ రాయి ఎక్కినప్పుడు పగిలిందో ఏమో. జాడీలో మిగిలింది రెండు గ్లాసులు.

రాహేలు వచ్చి చూసింది. "సంతల గుమ్మడికాయను కూడ ఇడిచిపెట్టవు. ఇంట్ల జాడీని కొట్టి చూడకపోతివి. మనిషిని కొట్టినవు," అంది.

పండుగ రోజు ఆరాధన కాగానే, మిగిలిందంతా సీసాలో పోసుకుని ఆమోసు సదయ్య పల్లెకు నడిచాడు. సదయ్య భార్య అనసూర్య మంచం వాల్చింది. సదయ్య ఒక చెంప వాచి ఉంది.

"నిన్ననే దవాఖానల పన్ను పీకిండ్రు," అంది అనసూర్య. "పదిహేను దినాల సంది లవంగం బుగ్గల పెట్టుకొనే తిరిగిండు."

ఆమోసు సీసా మూత తీశాడు. "జాడీ పగిలింది, తమ్మీ. నాదే తప్పు," అన్నాడు. గ్లాసు నింపి రెండు చేతులతో అందించాడు. పచ్చి పుండు మీద మసాలా ఎంత మండుతుందో ఇద్దరికీ తెలుసు. అయినా సదయ్య గ్లాసు దించకుండా తాగి, కళ్ళు తుడుచుకుని, "మడ్డి మంచిగ పడ్డది, అన్నా," అని నవ్వాడు. రెండో గ్లాసు ఆమోసు చేతికి ఇచ్చి తాగించాడు.

సోమవారం సదయ్య పాత షిఫ్టుకు వచ్చేశాడు. లోపల ఆమోసు బండ కొట్టి, చెవి పెట్టి విని, "బాగున్నది" అన్నాడు. సదయ్య గోనెపట్టా పరిచాడు. కూర్చోబోయి ఆగి, కడ్డీ కోసం చెయ్యి చాపాడు. తానూ ఒకసారి కొట్టి విన్నాడు. బండ ఖంగుమంది.

"బాగనే ఉన్నది, అన్నా," అని కడ్డీ తిరిగిచ్చి, కూర్చుని, రొట్టె సగం తుంచి ఆమోసుకు పెట్టాడు.

ఆమోసు 1978లో పనిలోంచి దిగిపోయేదాకా ఇద్దరిదీ ఒకే జోడీ. ఏటా కొత్త జాడీలో సరుకు పులిసింది, ఏటా మొదటి గ్లాసు సదయ్యకే వెళ్ళింది. రోజూ ఆమోసు కొట్టిన బండను సదయ్య ఇంకోసారి కొట్టి చూసి, ఆ తర్వాతే కూర్చున్నాడు.