పసుపు గ్లౌజుల తీర్పు

నా చిన్నప్పుడు ఆస్ట్రేలియాలోని టూంగాబీలో మా ఇంట్లో సున్నుండలు దొంగతనం చేసింది నేనూ, పక్కింటి అమ్మాయీ. తనది ఈ దేశపు ఆదివాసీ కుటుంబం. ఆదివారం భోజనానికి వచ్చేవాళ్ల కోసం అమ్మ చేసి దాచిన డబ్బాని గరాజ్‌లో కూర్చుని ఖాళీ చేశాం. మూతులకు అంటిన పిండి తుడుచుకోవాలన్న తెలివి ఇద్దరికీ లేకపోయింది.

అమ్మ డాక్టరు, నిజంగా మంచి మనిషి. అయినా నాకు వేసిన శిక్ష ఆ సాయంత్రం టీవీ చూడకపోవడం. తను మాత్రం ఇక మా గడప తొక్కకూడదట. వాళ్లకది అలవాటేనని నాన్నతో తెలుగులో అంది. ఆ అమ్మాయికి తెలుగు రాకపోయినా ముఖాలు చదవడం వచ్చు. మెల్లగా చెప్పులు వేసుకోసాగింది. ఉన్న ఒక్క స్నేహితురాలూ వెళ్లిపోతోందని నాకు ఏడుపొచ్చింది.

అప్పుడు లేచారు మా తాతయ్య, అమ్మ వాళ్ల నాన్న. మమ్మల్ని చూడడానికి గుంటూరు నుంచి వచ్చిన రిటైర్డ్ మేజిస్ట్రేటు. మా ఇద్దరికీ గిన్నెలు తోమే పసుపు రబ్బరు గ్లౌజులు చెరొకటి తొడిగారు. పెళ్లిలో అడ్డుతెర పట్టినట్టు ఆయనా నాన్నా కలిసి దుప్పటి పట్టుకున్నారు. దాని కిందనుంచి మేం చెరో చెయ్యి బయటపెట్టాం. గ్లౌజుల వేళ్లు ఖాళీగా వేలాడుతుంటే వెనకాల నవ్వు ఆపుకోలేక చచ్చాం.

ఇప్పుడు శిక్షలు చెప్పమన్నారు తాతయ్య. అమ్మ చాలాసేపు రెండు చేతులనూ మార్చి మార్చి చూసింది.

"ఎవరిది ఏ చెయ్యో తెలీకుండా ఎలా చెప్పను నాన్నా? దిస్ ఈజ్ సిల్లీ."

"తిన్నది ఒకే డబ్బాలోవి కదమ్మా. చెయ్యి ఎవరిదైతే నీకెందుకు?"

తాతయ్య, తానూ ముద్దాయి ఇంటిపేరు చూసి, కులం ఊహించుకుని జైలు నెలలు పెంచిన రోజులు ఉన్నాయని చెప్పారు. ఆ మనుషులకు ఇప్పుడు క్షమాపణ చెప్పుకునే దారి కూడా లేదన్నారు.

అమ్మ దుప్పటి లాగేసి, ఆ అమ్మాయిని దగ్గరికి తీసుకుని సారీ చెప్పింది. ఆ తర్వాత ఇద్దరికీ ఒకటే శిక్ష. మినుములు వేయించడం దగ్గర్నుంచి సున్నుండలన్నీ మా చేతే మళ్లీ చేయించింది. సగం చుట్టకముందే తినేశాం.

ఇప్పుడు నేనూ మేజిస్ట్రేటునే, రిటైర్మెంటుకి దగ్గరపడ్డాను. ఒకే తప్పుకి ఒక పిల్లాడు మందలింపుతో ఇంటికీ, ఆదివాసీ పిల్లాడు నిర్బంధానికీ వెళ్లడం ఇక్కడ చూస్తూనే ఉన్నాను. అందుకే తీర్పు రాసేముందు పేరు మీద అరచెయ్యి పెట్టి ఫైలు ఒకసారి చదువుతాను. కొన్నిసార్లు అప్పటిదాకా మనసులో అనుకున్న శిక్ష తగ్గిపోతుంది. తగ్గిన ప్రతిసారీ సిగ్గేస్తుంది. చెయ్యి మాత్రం తియ్యను.