నాకొక్కదానికే కనిపించిన తిమింగలం

పోయిన వేసవిలో మా ఆయనతో, ఆడపడుచు కుటుంబంతో మంగినపూడి బీచ్‌కి వెళ్లాం. సాయంత్రం, వల సర్దుకుంటున్న ఒక పెద్దాయన "అదిగో తిమింగలం!" అని కేకేశాడు. దూరంగా నీళ్లు పైకి చిమ్మాయి. నల్లటి వీపు ఒకటి తేలి మునిగింది. ఇక రాదని అందరూ ఫోన్లు దించేశారు. నేను మాత్రం "ఇంకా ఉందిగా!" అంటూనే ఉన్నాను.

"ఎక్కడుందే?" అన్నారు మా ఆయన. చూపిద్దామని ఆయన వైపు తిరిగితే, ఆ నల్లటి వీపు ఆయన చొక్కా మీద కూడా ఉంది! కుడి కన్ను మూసినా ఉంది. ఎడమ కన్ను మూస్తే లేదు. తేడా నా ఎడమ కంట్లోనే!

"ఎండకి వేడి చేసింది వదినా. సబ్జా నీళ్లు తాగు, తలకి ఆముదం పెట్టుకో" అంది ఆడపడుచు. నాకూ ఆ మాటే నచ్చింది. పామర్రులో నాది టైలరింగ్ షాపు, పెళ్లి బ్లౌజులు కుట్టాల్సినవి బోలెడు ఉన్నాయి. అలా రెండు రోజులు పోగొట్టుకున్నాను. మూడో రోజు పొద్దున్నకి ఆ నల్లటి నీడ ఎడమ కంట్లో దాదాపు సగం దాకా పాకింది.

విజయవాడలో కంటి డాక్టరుగారు స్కాన్ చూసి, "రెటీనల్ డిటాచ్‌మెంట్ అమ్మా, కంటి వెనకాల తెర ఊడిపోతోంది. దాని నడిమధ్య, సూటి చూపునిచ్చే మ్యాకులా ఇంకా అతుక్కునే ఉంది. అదీ ఊడితే చూపు మునుపటిలా రాదు. ఇవాళే ఆపరేషన్" అన్నారు.

కంటి లోపలి జెల్ తీసేసే విట్రెక్టమీ చేసి, తెరని అదిమి ఉంచడానికి కంట్లో గ్యాస్ నింపారు. ఆ గ్యాస్ తెరకి ఆనుకుని ఉండాలంటే వారం రోజులు బోర్లా పడుకోవాలన్నారు. మంచం అంచున తల వేలాడేసుకుంటే, మా ఆయన కింద నేల మీద వెల్లకిలా పడుకుని కబుర్లు చెప్పేవారు. ఐదో రోజు ఒకటే తలనొప్పి. "కంట్లో ప్రెజర్ పెరిగింది, డ్రాప్స్‌తో దించుదాం" అన్నారు డాక్టరుగారు. ప్రెజర్ దిగేదాకా ఏడుస్తూనే ఉన్నాను. చూపు పోతే, సూదిలో దారం ఎక్కించలేని చేతులతో నేనేం చేసుకోను?

గ్యాస్ తగ్గేకొద్దీ ఆ కంటి చూపు పైనుంచి కిందికి తేటపడింది. ముందు మా ఆయన బట్టతల, కొన్నాళ్లకి మీసం కనిపించాయి. ఆ బట్టతలని అంత ప్రేమగా ఎప్పుడూ చూడలేదు!

ఇప్పుడు కళ్లజోడు పెట్టుకుని మళ్లీ కుడుతున్నాను. మీకు చెప్పేది ఒక్కటే. కంట్లో ఉన్నట్టుండి నల్లచుక్కలు, మెరుపులు, నీడ కనిపిస్తే ఆ రోజే రెటీనా డాక్టరు దగ్గరికి వెళ్లండి. సబ్జా నీళ్లు ఇంటికొచ్చాక తాగొచ్చు.

మొన్న మళ్లీ మంగినపూడి వెళ్లాం. తిమింగలం వస్తుందేమోనని అందరూ ఒడ్డున కాచుకుని కూర్చున్నారు. నేను ఒక కన్ను మూసి చూశాను, తర్వాత రెండోది మూసి చూశాను. నీళ్లు తప్ప ఇంకేం లేవు.

"ఏవండీ, ఏమీ లేదండీ!" అని సంతోషం పట్టలేక అరిచేశాను.