సున్నం గీత మొగులయ్య

మొగులయ్యకు ఒకటే పిచ్చి, సున్నం గీత. పందొమ్మిది వందల యాభై ఎనిమిదిలో నీళ్ల పైపుకు కాలువ తవ్వడానికి ట్రాక్టరు వెనక ఇనుప చెయ్యి తగిలించిన మిషను హైదరాబాదులోని కార్వాన్ గల్లీలోకి వస్తే, జనం దానికి తొండం బండి అని పేరు పెట్టారు. ఆ తొండం తిరిగినంత మేర చుట్టూ సున్నంతో గీత గియ్యందే డ్రైవరు మొగులయ్య సీటెక్కడు. గీత ఎవరు దాటినా సరే, తొండం నేలకు ఆనించి, ఇంజను ఆపి, తాళంచెవి మొలతాడుకు కట్టుకుని, దిగి బీడీ ముట్టిస్తాడు. ఆ బీడీ అయిపోయేదాకా దేవుడు దిగివచ్చినా బండి కదలదు.

సూపర్‌వైజరు విఠల్‌రావుకు ఆ గీతంటే ఒళ్లుమంట.

"మళ్ల ఎందుకు ఆపినవ్ మొగులయ్యా?"

"కోడి దాటింది సార్."

"కోడికి గూడ ఆపుతవా?"

"దానికీ పిల్లలున్నయ్ సార్."

బుధవారం ఓ పెళ్లికొడుకు గుర్రంతో సహా దాటబోయాడు. "గంత ఎత్తుల కూసున్నవ్, తొండం కనవడ్తలేదా?" అని మొగులయ్య అరిచిన అరుపుకు పాపం, గుర్రం దిగి గోడవారగా నడుచుకుంటూ అత్తారింటికి చేరాడు.

విఠల్‌రావు అసలు దిగులు వేరే. "మిషనొచ్చింది కద, ఇంక పారలెందుకు? శనివారం సక్కుబాయి జట్టును పంపించెయ్" అన్నాడు కాంట్రాక్టరు వైకుంఠం. పారపని చేసే ఆ జట్టులో ఎనిమిది మంది. ఆ మాట వాళ్లకు చెప్పలేక విఠల్‌రావుకు వారం నుంచి అన్నం సయించడం లేదు.

ఇళ్లకు వెళ్లే పిల్ల కాలువల్లో గోడకు మూడడుగుల ఇవతలే తొండం ఆగాలి, అక్కణ్నుంచి పారతో తవ్వాలి. అది రూలు. శుక్రవారం విఠల్‌రావు ఎందుకో టేపు పెట్టి కొలిచాడు. గోడకు, గీతకు మధ్య ఎనిమిదడుగులు, అంతా పారపనే!

"గింత ఇడిచినవేంది?"

"పాత గోడలు సార్. బండి చప్పుడుకే జడుసుకుంటయ్."

పక్కనున్న ఖాళీ జాగలోనూ ఎనిమిదడుగులే వదిలాడు.

"ఈడ గోడే లేదు కదనయ్యా!"

మొగులయ్య బీడీ వైపు చూశాడు. "రేపు కట్టుకుంటరేమో సార్."

గీత అవతల సక్కుబాయి జట్టు చెమటలు కక్కుతూ తవ్వుతోంది. మొగులయ్య గొంతు తగ్గించాడు. "ఇరవై ఏండ్లు ఆళ్ల పక్కన పార వట్టిన సార్. మిషను నేర్చుకున్నంక మర్చిపోతనా?"

వారంగా ఈ మనిషినా నేను తిట్టిపోసింది అని విఠల్‌రావుకు సిగ్గేసింది.

శనివారం వైకుంఠం రానే వచ్చాడు. "ఇంకా వీళ్లున్నరేంది?" అంటూ గీత దాటేశాడు. తొండం నేలకు ఆనింది. ఇంజను ఆగింది. మొగులయ్య దిగి బీడీ ముట్టించాడు.

"పాత గోడలు సార్," అన్నాడు విఠల్‌రావు. "మిషను తగిలి కూలినయంటే కట్టిచ్చుడు మీ మీదనే వడ్తది."

"మరి ఈ ఖాళీ జాగల గోడేది?"

"రేపు కట్టుకుంటరేమో సార్. ముందు మీరు గీత ఇవతలికి రండి, బీడీ అయినంక తొండం లేస్తది."

వైకుంఠం ఎగిరి గీత బయట పడ్డాడు. "సరే సరే, తవ్వనీ వాళ్లనే!" అంటూ వెనక్కి చూడకుండా వెళ్లిపోయాడు.

మొగులయ్య గోడ నుంచి గీతదాకా అడుగులు వేసి కొలిచాడు. "సార్, నేను ఎనిమిదే ఇడుస్త. ఇయ్యాల పదున్నయేంది?"

విఠల్‌రావు చేతికంటిన సున్నం దులుపుకున్నాడు. "పాత గోడలు మొగులయ్యా. మస్తు జడుసుకుంటయ్."

మొగులయ్య సగం బీడీ ఆర్పి, చెవి మీద పెట్టుకుని బండెక్కాడు.