నాలుగో ప్రశ్న

మెర్సీది కొత్తవలస. నాన్న జాన్ రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. మెర్సీ డిగ్రీ పాసై, కొన్నేళ్లు బట్టల షాపులో చేసి, ముప్పై దాటాక ఒక కాంట్రాక్టరు ద్వారా ఈ ఉద్యోగంలో చేరింది. రోజూ పొద్దున్నే రైలెక్కి జిల్లా కేంద్రంలోని కాల్ సెంటర్‌కు వెళ్లాలి. పని ఫోన్లు చేయడం. జనం ప్రభుత్వానికి పెట్టుకున్న అర్జీల్లో 'పరిష్కారమైంది' అని శాఖలు మూసేసిన వాటిని తీసుకుని, అర్జీదారును మూడు ప్రశ్నలు అడగాలి. అధికారి మీ దగ్గరకు వచ్చారా? మర్యాదగా మాట్లాడారా? మీరు సంతృప్తిగా ఉన్నారా? ఆ జవాబులను బట్టి ప్రతి సోమవారం ఏ శాఖ బాగా పనిచేస్తోందో, ఏది వెనకబడిందో వరసగా జాబితా తయారవుతుంది. రోజుకు ఎనభై కాల్స్ చెయ్యాలి.

ఈ పనిలో మెర్సీ చురుకు. చర్చిలో పాడిన గొంతు కావడంతో ముసలివాళ్లకు కూడా ఆమె మాట స్పష్టంగా వినిపించేది.

ఫిబ్రవరిలో ఒకరోజు అసిరయ్య అనే రైతుకు ఫోన్ చేసింది. తమ వీధి బోరింగు పాడై నాలుగు నెలలైందని ఆయన పెట్టుకున్న అర్జీని తాగునీటి శాఖ మూసేసింది.

"అధికారి వచ్చారా అండి?"

"వొచ్చినారమ్మ. ఇద్దరొచ్చినారు. కుర్సీలేసి కూకోబెట్టినాం."

"మర్యాదగా మాట్లాడారా?"

"బాగానే మాటాడినారు. ఫొటో కూడా తీసుకున్నారు."

"మీకు సంతృప్తేనా?"

"మా ఈదికి ఆఫీసరు రావడమంటే సంతోసమే కదమ్మ."

మూడు చోట్లా 'అవును' నొక్కి మెర్సీ తర్వాతి నంబరు తీసింది.

ఏప్రిల్ మొదట్లో అదే బోరింగు మీద పెట్టిన రెండో అర్జీని కూడా శాఖ మూసేయడంతో అది మెర్సీ ముందుకొచ్చింది. ఈసారి అసిరయ్య భార్య చిన్నతల్లి ఫోన్ ఎత్తింది. మొదటి ప్రశ్న పూర్తికాకముందే అందుకుంది.

"ఓలమ్మా, అప్పుడు మా ఆయనకి ఫోన్ సేసింది నువ్వే కదేటి? వొచ్చినారా అంటావు, బాగా మాటాడినారా అంటావు. నీలొస్తన్నాయా అని ఒక్కపాలైనా అడిగినావా? బిందెలు మోసుకొస్తా కాలవ గట్టు మీద పడి మోకాలు సితికిపోనాది నాకు. నానేటి, ఆల మర్యాద తాగాలా?"

మెర్సీ వెంటనే పాత రికార్డు తెరిచింది. ఫిబ్రవరి పదకొండు, తన లాగిన్, సంతృప్తి: అవును. తాగునీటి శాఖ ఆ వారం జాబితాలో మూడో స్థానంలో ఉంది. అందులో తన చెయ్యి కూడా ఉందని తెలిసి ఆమెకు సిగ్గేసింది.

మర్నాటి నుంచి అందరినీ ఇంకొకటి అడగడం మొదలుపెట్టింది. "పని అయిందా?" ఆ జవాబుకు కంప్యూటర్లో గడి లేదు కాబట్టి నోట్‌బుక్ కొని అందులో రాసుకుంది. జనం మొదట తడబడి, ఆ తర్వాత ఆపకుండా చెప్పేవారు. అన్నీ ఫిర్యాదులే కావు. భోగాపురం వైపు ఒకాయన పాస్‌బుక్కులో తన పేరు రెండు రోజుల్లో సరిచేశారని చెప్పి, చేసిన ఉద్యోగి పేరు కూడా రాసుకోమన్నాడు.

పది రోజుల్లో ఆమె కాల్స్ ఎనభై నుంచి యాభై ఐదుకు పడిపోయాయి. సూపర్‌వైజర్ సుహాసిని పిలిచి నిలదీసింది.

"ఏటి మెర్సీ, నిద్దరోతన్నావా?"

మెర్సీ నోట్‌బుక్ తెరిచి ముందు పెట్టింది. తాగునీటి శాఖవి అరవై రెండు కాల్స్. సంతృప్తి అన్నవాళ్లు యాభై మంది. పని అయిందన్నవాళ్లు ఇరవై ఆరుగురు.

"ఇది అడగమని నీకెవులు సెప్పినారు?"

"ఎవులూ సెప్పనేదు మేడం. తప్పు నాదీ ఉన్నాది. నాను అవును నొక్కేసినవి ఇందులో ఉన్నాయి."

ఇంకోసారి ఇలా చేస్తే ఉద్యోగం పోతుందని హెచ్చరించి సుహాసిని ఆమెను పంపేసింది. సాయంత్రం మాత్రం తనే వచ్చి ఆ నోట్‌బుక్ తీసుకుని అందులోని ఏడు నంబర్లకు ఫోన్ చేసింది. ఏడుగురూ మెర్సీ రాసినట్టే చెప్పారు.

సోమవారం సమీక్షకు మెర్సీని కూడా తీసుకెళ్లింది. తాగునీటి ఇంజనీరు జగన్నాధం నోట్‌బుక్‌లోని అంకెలను ఒప్పుకోలేదు. ఫోన్లో ఎలా అడిగితే జనం అలా చెబుతారన్నాడు. సమీక్ష జరుపుతున్న అధికారిణి, "అయితే ఇప్పుడే అడుగుదాం" అని మెర్సీ చేత చిన్నతల్లికి ఫోన్ చేయించి స్పీకర్ పెట్టించింది.

"పని అయిందా అమ్మా?"

"ఇన్నాల్లకి అడిగినావా! అవనేదు. పిడి ఊగుతాది, నీలు రావు. ఆలు అర్జీ మూసేసి పెట్టిన ఫొటోలో బోరింగు మాది కాదు. మా కోడలు ఫోన్లో సూసి సెప్పింది."

గదిలో ఒకరిద్దరు నవ్వారు. జగన్నాధం అప్పుడు అసలు సంగతి చెప్పాడు. బోరింగు పైపులు పైకి లాగే బండి మూడు మండలాలకు కలిపి ఒకటే, దాని మీద పనిచేసే మనుషులు ముగ్గురే. గడువులోగా అర్జీ మూయకపోతే శాఖకు మార్కులు కోస్తారు. అందుకని కిందివాళ్లు వెళ్లి నాలుగు మంచి మాటలు చెప్పి మూసేస్తున్నారు.

"తెలిసే ఊరుకున్నానండి" అన్నాడు.

రెండో బండి కోసం ఆ రోజే ఉత్తరం వెళ్లింది. నాలుగో ప్రశ్నకు కంప్యూటర్లో గడి రావడానికి నెల పట్టింది. ఆ తర్వాతి జాబితాలో తాగునీటి శాఖ మూడు నుంచి పదిహేడుకు దిగింది. దానితో పాటు ఇంకో ఐదు శాఖలు దిగాయి. రాష్ట్రంలో జిల్లా స్థానం కూడా తగ్గడంతో సుహాసినికి నోటీసు వచ్చింది. ఆమె రెండు పేజీల జవాబు రాసి పంపింది. మెర్సీ ఉద్యోగం నిలిచింది. రోజుకు అరవై కాల్స్ చాలన్నారు.

మే నెలాఖరులో చిన్నతల్లి వీధిలో పైపులు మార్చారు. మెర్సీ ఫోన్ చేసింది.

"నీలొస్తన్నాయి. పొద్దున్నపూట ఎర్రగా వస్తన్నాయి, రెండు బిందెలు పారబోస్తే తేటపడతన్నాయి. అదీ రాసుకో."

మెర్సీ 'అయింది' నొక్కింది. కింద రిమార్కుల్లో 'ఉదయం నీరు ఎర్రగా వస్తోంది, మళ్లీ చూడాలి' అని రాసి, తర్వాతి నంబరు తీసింది.